చెట్టు ఉంచుకున్న పాపానికి

హనుమకొండలో పాత ఇళ్ళు మిగిలిన వీధులు ఇంకా కొన్ని ఉన్నాయి. గేటు పక్కన కొబ్బరి, వెనక జామ, గోడవార దానిమ్మ. కాపు కాలంలో ఆ ఇళ్ళవాళ్ళు కలిస్తే మాట్లాడుకునేది ఒక్కటే, కాయ చేతికి దక్కడం లేదని. ఉడుతలు, చిలకలు, గబ్బిలాలు, ఎలుకలు, వాటికి తోడు కోతులు. ఒకరు వల కట్టమంటారు, ఒకరు మందు పెట్టమంటారు, ఇంకొకరు చెట్టే కొట్టేయమంటారు. ఆ మూడో సలహా విన్నవాళ్ళు ఎక్కువయ్యారని మా వీధులు చూస్తే తెలిసిపోతుంది.

వడ్డేపల్లి చెరువు వైపు ఉండే ఒక అక్కా తమ్ముడూ దీని మీద గట్టిగా వాదించుకున్నారు. అక్క ఇంటి చుట్టూ జామ, సపోట, దానిమ్మ, సీతాఫలం, ఒక మామిడి, ఒక కొబ్బరి ఉన్నాయి. అన్నీ ఆమె చేత్తో పెట్టినవే. తమ్ముడు జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్పి రిటైరయ్యాడు. ఇద్దరూ నాకు కావలసినవాళ్ళే. వాళ్ళ మాటలు వాళ్ళ యాసలోనే ఉంచాను. ఎవరి మాట ఎక్కడ నాకు బరువుగా తోచిందో మధ్యలో చెబుతాను.

అక్క: చూసినవా తమ్మీ, పొద్దున ఊడిస్తే బుట్టెడు కొరికిన జామకాయలు. నీళ్ళు నేను పొయ్యాలె, ఎరువు నేను వెయ్యాలె, తినుడు మాత్రం ఉడుతలది. ఈసారి మొదలుకు రేకు కొట్టిస్త, చెట్టు మొత్తం వల కప్పిస్త. నువ్వు అడ్డం రాకు.

తమ్ముడు: అడ్డం రానక్కా. కానీ దొంగెవడో తెల్వకుండనే తాళం కొంటున్నవు. ఇదంత ఉడుత పనే అని నీకెవరు చెప్పిన్రు?

అక్క: కండ్లతోటి చూసిన. చెప్పుడేంది?

తమ్ముడు: పగలు తిరిగేది ఉడుత, అందుకని అదే కండ్ల పడ్తది. బుట్ట ఇటు తే. ఈ కాయ చూడు, ఒక్క పక్క నుంచే కొరుక్కుంట పోయింది. అంచుల మీద సన్నని గీతలు జంటలు జంటలు ఉన్నయి. ఇది ఉడుత. రెండు చేతుల పట్టుకొని కూసున్న కాడనే తింటది. ఇది చూడు, ఉలితోటి చెక్కినట్టు గుంట పడ్డది, గుజ్జు చుట్టూ చిందింది. ఇది చిలుక. ఒక్కటి పూర్తిగ తినదు, నాలుగు కొట్టి నాలుగూ పడేస్తది. ఇగ గోడ అవతల ఆ అశోక చెట్టు కింద చూసినవా? నమిలి రసం పీల్చి ఉమ్మేసిన పిప్పి, బిళ్ళలు బిళ్ళలుగ. అది గబ్బిలం. మన జామపండు తెంపుకపోయి ఆడ తలకిందులుగ ఏలాడుకుంట తింటది. నీ చెట్టు కింద ఏ గుర్తూ ఉండది. నువ్వేమో ఉడుతను తిడ్తవు.

అక్క: మరి మొన్న దానిమ్మ లోపలంత ఖాళీ, పైన డిప్ప మిగిలింది. అదెవరు?

తమ్ముడు: పగలు పోయిందా, రాత్రి పోయిందా?

అక్క: పొద్దూకి చూసినప్పుడు మంచిగనే ఉంది.

తమ్ముడు: అయితే ఎలుక. గోడ మీది కేబుల్ వైరు పట్టుకొని వస్తది. ఆ వైరు దానిమ్మ కొమ్మను రాసుకుంటనే ఉంది.

అక్క: సరే, నలుగురు దొంగలు. నలుగురికీ కలిపి ఒక్కటే వల.

తమ్ముడు: ఆ వల గురించే నా భయం. నువ్వు తెచ్చింది చూసిన. కండ్లు బొటనవేలు పట్టేంత పెద్దగున్నయి, దారం సన్నం. దాన్ని చెట్టు మీద వదులుగ కప్పితే గబ్బిలం రెక్క చిక్కుతది, పిట్ట కాలు చిక్కుతది, జెర్రిపోతు మెడ చిక్కుతది. జెర్రిపోతు ఏం తింటదక్కా? ఎలుకలను. నీ పక్షాన పనిచేసేదాన్ని నువ్వే చంపుకుంటవు. ఆస్ట్రేలియాల విక్టోరియా అని ఒక రాష్ట్రముంది. ఆడ 2021 సెప్టెంబర్ నుంచి ఇంటి పండ్లచెట్లకు కట్టే వల కన్ను ఐదు మిల్లీమీటర్లకు మించొద్దని రూలు పెట్టిన్రు. వేలు దూరితే ఆ వల పనికిరాదన్నట్టు. వల తెల్లగుండాలె, బిర్రుగ గుంజి కట్టాలె, చెట్టుకు అంటకుండ కర్రల మీద నిలబెట్టాలె, రోజూ పోయి చూడాలె. అట్ల కట్టేటట్టయితే కట్టు, నేనే వచ్చి పట్టుకుంట.

అక్క: రోజూ చూసే తీరిక నాకుంటది గని, చెట్టంత వల, దాని చుట్టూ పందిరి అంటే ఎంతయితది? జామకాయలు బజార్ల కొనుక్కుంటే తక్కువ కాదా?

తమ్ముడు: తక్కువే. అందుకనే చెట్టును కాదు, కాయను కాపాడుకో అంటున్న.

ఇది తమ్ముడి వాదనలో అసలు మాట. చెట్టంతా నాదే అనుకుంటే ప్రతి కొమ్మకూ కాపలా కాయాలి. ఇంటికి సరిపడా కాయలు చాలనుకుంటే పని చేతికందే ఎత్తులోనే తీరిపోతుంది. అయితే అక్క అంత సులువుగా ఒప్పుకునే మనిషి కాదు.

అక్క: కాయను కాపాడుకొనుడంటే సంచులు తొడుగుడే కదా? పోయినేడు గుడ్డ సంచులు కట్టిన. ఉడుత సంచిని కొరికి మరీ తిన్నది.

తమ్ముడు: ఎప్పుడు కట్టినవు?

అక్క: కాయ రంగు తిరిగినంక.

తమ్ముడు: అప్పటికి వాసన బయట పడ్డది. జామ నిమ్మకాయంత ఉన్నప్పుడే తొడగాలె. ముందుగ కడితే పండు ఈగ గూడ పొడవది. వానాకాలం జామల పురుగు పడేది దాని వల్లనే కదా, ఉడుత తిన్నదాని కన్న ఈగ చెడగొట్టేదే ఎక్కువ. మామిడికి కోడిగుడ్డంత అయినప్పుడు కాగితం కవరు. మామిడి రైతులు గూడ ఇప్పుడు అదే కడ్తున్నరు, మచ్చ లేని కాయకు ధర వస్తది. దానిమ్మకు గుడ్డ గాదు, ఇనుప జాలీ ముక్కను గుండ్రంగ చుట్టి తొడుగు. ఎలుక పండ్లకు అది తెగది.

అక్క: దానిమ్మకే ఎందుకు?

తమ్ముడు: ఎందుకంటే దానిమ్మ చెట్టు మీదనే పండాలె. తెంపినంక అది మాగది. మిగిలినయి అట్ల కాదు. జామ ఆకుపచ్చ తగ్గి లేత పసుపు తిరుగుతున్నప్పుడు తెంపుకో, ఇంట్ల రెండు రోజుల్ల పండుతది. సీతాఫలం కండ్లు తెరువంగనే తెంపు. సపోట గోరుతోటి గీకితే కింద ఆకుపచ్చ కనపడకుంటే తెంపొచ్చు. మామిడి అయితే నీకు తెల్వందా, మన అవ్వ వరిగడ్డిల మాగేసేది. చెట్టు మీద పండబెట్టి తిందామనుకున్నప్పుడే అన్నిటికీ పిలుపు పంపినట్టయితది. ఒక్క రోజు ముందు తెంపుకుంటే సగం తగువు తీరె.

అక్క: చిలక కొట్టిన జామకాయ రుచి దేనికన్న వస్తదా? చిన్నప్పుడు ఏరుకొని తినలేదా మనం?

తమ్ముడు: తిన్నం. చిలుక మంచి పండునే చూసి కొడ్తది, దెబ్బ తగిలిన కాయ తొందరగ మాగుతది గూడ. తీపి నిజమే. కానీ ఇప్పుడు మాత్రం తినొద్దక్కా, పిల్లలకు అస్సలు పెట్టొద్దు. ఆ గుంట చిలుకదో గబ్బిలందో అన్నిసార్లు చెప్పలేం. 2018ల కోజికోడ్‌ల గబ్బిలాల నుంచి నిపా జ్వరం వచ్చినంక డాక్టర్లందరు చెప్పే మాట ఒక్కటే, ఏ జంతువు కొరికిన పండూ ముట్టొద్దు. కోసి ఆ భాగం తీసేసి తింటమన్నా ఒప్పుకోకు. ఎరువు గుంటల వెయ్యి.

అక్క: మరి అంత రోగమున్న గబ్బిలాన్ని ఉంచాల్నా, తరుమాల్నా?

తమ్ముడు: మారిషస్‌ల లిచీ, మామిడి తోటలోళ్ళు నీ లెక్కనే గొడవ చేసిన్రు. 2015ల, 2016ల సర్కారే వేలకు వేల గబ్బిలాలను కాల్చి చంపించింది. అంత చంపినా తోటలోళ్ళు అనుకున్నట్టు దిగుబడి పెరగలే. మన కాడ ఇప్పచెట్టు పూత రాత్రి పూట విచ్చుకుంటది, దాని మీద వాలేది గబ్బిలం. దాని గింజను దూరం మోసుకపోయేదీ అదే. మేడారం అడవుల ఇప్ప లేకుంటే కోయోళ్ళ బతుకుల ఎంత పోతదో నీకు తెలుసు. మొన్నటిదాక గబ్బిలం మన చట్టంల కాకి, ఎలుక పక్కన హానికర జంతువుల పట్టీల ఉండె. 2022ల చట్టం సవరించినప్పుడు ఆ పట్టీనే తీసేసిన్రు.

అక్క: అడవిల ఇప్పచెట్టు కోసం నా పెరట్ల సపోటలు ఇయ్యాల్నా? అది అడవిల ఉండక ఈడికెందుకు వచ్చింది?

తమ్ముడు: ఇదివరకు ఈడనే ఉండె కదక్కా. ఉడుత సంగతి తీసుకో. గోన బుద్ధారెడ్డి రంగనాథ రామాయణంల వారధికి ఇసుక మోసిన ఉడుత కథ ఉన్నది. వాల్మీకిల ఆ కథ లేదు. బుద్ధారెడ్డి కాకతీయుల కాలం మనిషి. అంటే అప్పటికే ఉడుత మన ఇంటి జీవి.

అక్క: ఆ కథల ఉడుత పని చేసింది తమ్మీ. ఇసుక మోసినందుకు రాముడు వీపు నిమిరిండు. పని చేసినోళ్ళను మెచ్చుకొనుడు న్యాయం. నా చెట్టు కింద పని చేసేది నేను.

దీనికి తమ్ముడు జవాబు చెప్పలేదు. చెప్పవలసిన జవాబు లేదనే నా అభిప్రాయం. ప్రాణుల మీద దయ చూపమని పుస్తకం తెరిచి చెప్పడం తేలిక. మండే ఏప్రిల్‌లో బిందెతో నీళ్ళు మోసి మొక్కను బతికించినవాళ్ళకు ఆ కాయ మీద హక్కు ఉంది. దాన్ని పిసినారితనం కింద తీసిపారేయకూడదు.

అక్క: రేకు మాట చెప్పు. కొబ్బరికి కట్టిస్తే పనిచేస్తదా?

తమ్ముడు: కొబ్బరికి మంచిగ పనిచేస్తది. మనిషెత్తు పైన అడుగున్నర, రెండడుగుల వెడల్పు నున్నటి రేకు చుట్టు. ఎలుక, ఉడుత రెండూ జారిపోతయి. మేకులు కొట్టకు, తీగతోటి కట్టి ఏడాదికొకసారి వదులు చెయ్యి, లేకుంటే పెరిగే చెట్టును రేకు పిసుకుతది. మామిడికి గూడ పనికొస్తది, గోడకూ తీగలకూ కొమ్మలు అంటకుండ కొట్టేస్తేనే. జామకు మాత్రం దండగ. మోకాలెత్తుల కొమ్మలేసిన చెట్టుకు రేకు ఏడ కడ్తవు?

అక్క: అదే కదా నా బాధ, తినేది జామనే.

తమ్ముడు: జామకు కత్తెరనే మందు. మే నెలల కొమ్మల చివర్లు కొట్టు. కొత్త చిగుర్లకే పూత వస్తది. వానాకాలం కాపు తగ్గి చలికాలం కాపు పెరుగుతది. చలికాలం కాయకు పురుగు తక్కువ, తీపి ఎక్కువ. ఏటా కొట్టుకుంట పోతే చెట్టు నీ చెయ్యెత్తు దాటది, అన్ని కాయలకు సంచులు తొడగొచ్చు. పైన రెండు కొమ్మలు ముట్టకుండ వదిలెయ్యి, అయ్యి వాటికి. అక్కర తీరే తిండి పైన దొరికితే కింద సంచి కొరికే కష్టం ఏ ఉడుతా పడది.

అక్క: తిండి దొరికితే ఇంకో పది పిల్లలను కనదా? ఇయ్యాల రెండు కొమ్మలు, ఎల్లుండి నాలుగు. నీ సైన్సుల ఆ లెక్క లేదా?

తమ్ముడు: ఉన్నది. నువ్వన్నది కరెక్టే. వీధిల ఒక్క చెట్టే ఉంటే అట్లనే అయితది.

అక్క: ఇప్పుడు దారికొచ్చినవు. చెప్త విను. నేను కాపురానికొచ్చినప్పుడు ఈ వీధిల ప్రతి ఇంట్ల చెట్టుండె. మూల మీద పెద్ద చింత, దాని పక్కన నేరేడు, గుడి కాడ మేడి. కోతులు లెవ్వా? ఉండె. ఉడుతలు లెవ్వా? ఇంతకన్న ఎక్కువుండె. అయినా కాయలు తిన్నం, బంధువులకు పంచినం. ఇప్పుడేమో చింత పోయి అపార్ట్‌మెంటు లేసింది. నేరేడు రాలి బండలు పాడైతున్నయని కొట్టేసిన్రు. పక్కింటోళ్ళు కారు కోసం మామిడి తీసేసిన్రు. వాళ్ళకు ఉడుత బాధ లేదు, కోతి బాధ లేదు, చెత్త ఊడ్చే బాధ లేదు. వీధి మొత్తం ఆకలి నా ఒక్క చెట్టు మీద పడ్డది. చెట్టు కొట్టినోనికి ఏ శిక్షా లేదు, ఉంచుకున్న పాపానికి నేను కట్టాల్నా ఆ పన్ను? దయ చూపమని నాకే చెప్తవు. వాళ్ళ గేటు కొట్టి చెప్పొచ్చినవా ఎన్నడన్నా?

ఈ ప్రశ్న విన్నాక నాకు మిగతా వాదనంతా చిన్నదైపోయింది. మనం దీన్ని మనిషికీ జంతువుకూ తగువుగా చెప్పుకుంటున్నాం. నిజానికి ఇది చెట్టు ఉంచుకున్న ఇంటికీ కొట్టేసుకున్న ఇంటికీ మధ్య తేలని లెక్క. పది చెట్ల మీద పంచుకోవలసిన భారం ఒక్క చెట్టు మోస్తుంటే, ఆ ఇంటావిడకు కోపం రాకపోతేనే ఆశ్చర్యపోవాలి.

తమ్ముడు: చెప్పలే. నువ్వన్నది ఒప్పుకుంట.

అక్క: ఇగ కోతుల సంగతి చెప్పు. ఉడుత కాయ తింటది. కోతి కొమ్మ ఇరుస్తది, పిందెలు తెంపి పారేస్తది, వంటింట్లకొస్తది. వర్ధన్నపేటల మా ఆడబిడ్డోళ్ళు పల్లికాయ వేసుడే బంద్ పెట్టిన్రు. పెరట్ల బీరపాదు గూడ వేస్తలేరు. వాళ్ళకేం చెప్తవు, సంచి తొడగమనా?

తమ్ముడు: వాళ్ళకు చెప్పే ముఖం నాకు లేదు. కోతి విషయంల పెరటి ఉపాయాలు చాలవు. ఇదివరకు గోదావరికి ఇవతల మన దక్షిణాది కోతి ఉండేది, నెత్తి మీద పాపిట తీసినట్టు జుట్టు, పొడుగు తోక. ఇప్పుడు ఉత్తరాది పొట్టి తోక కోతి కిందికి దిగుకుంట వస్తున్నది. అది మనుషుల నడుమ బతుకుడు బాగ నేర్చుకున్నది. పులి బొమ్మలు పెట్టిన్రు, చప్పుడు తుపాకులు పేల్చిన్రు. కోహెడ దిక్కు ఒక రైతు మనిషికి ఎలుగుబంటి వేషం వేసి చేన్ల తిప్పిండు. కొన్ని దినాలే బెదిరినయి. ఊర్లల్ల కొండెంగను తెచ్చి కట్టేస్తున్నరు, అది చట్టం ఒప్పుకోని పని. పట్టి వ్యాన్ల తీస్కపోయి ఇంకో ఊరవతల వదుల్తే ఆ ఊరోళ్ళు తిడ్తరు.

అక్క: కోతులకు పిల్లలు పుట్టకుండ సర్కారు ఆపరేషన్లు చేస్తదన్నరు కదా?

తమ్ముడు: 2020 డిసెంబర్ల నిర్మల్ కాడ కేంద్రం తెరిచిన్రు. హిమాచల్‌ల 2007 ప్రాంతం నుంచే చేస్తున్నరు, లక్ష దాటినయి. అది సరైన దారే గని నిదానం. ఒక్క నిర్మల్ కేంద్రం రాష్ట్రం మొత్తానికి ఏం చాల్తది? జిల్లాకొకటి కావాలె. ఆ ఖర్చు సర్కారు పెట్టాలె. దానికి రైతు తన చేను బలి పెట్టొద్దు.

అక్క: అదొక్కటేనా? కోతిని రోడ్డు మీదికి తెచ్చిందెవరు? హైదరాబాద్ రోడ్డు మీద కార్లాపి అరటిపండ్లు ఇసిరేటోళ్ళు పుణ్యమనుకుంటున్నరు. ఆ పుణ్యానికి శిక్ష ఊర్లల్ల ఆడోళ్ళు అనుభవిస్తున్నరు.

తమ్ముడు: అడవుల గూడ తినేది మిగల్చలే అక్కా. గుట్టలన్నీ క్వారీలయినయి. తునికి, మొర్రి, పాల, రేగు ఎన్ని ఉన్నయి ఇప్పుడు? “వానలు వాపస్ రావాలె, కోతులు వాపస్ పోవాలె” అని 2015ల హరితహారం మొదలుపెట్టినప్పుడు ఊరూర రాసిన్రు. మాట మంచిదే. కోతుల కోసమని పండ్ల చెట్లు గూడ కొన్ని కాడ పెట్టిన్రు.

అక్క: పట్నంల ఏం పెట్టిన్రో అది చెప్పు. రోడ్డు నడుమ పొడుగూత కోనోకార్పస్. పచ్చగ కనపడ్తది, ఒక్క జీవి కడుపు నిండది. ఒక్క పిట్ట తినే పండన్న ఉన్నదా దానికి?

తమ్ముడు: లేదు. తర్వాత సర్కారే వద్దన్నది.

అక్క: వద్దని చెప్పి ఊకున్నరు. పెట్టినయి అట్లనే ఉన్నయి. నేను ఉడుతల మీద పడి ఏడుస్తున్న గని, అసలు అడగాల్సింది వాళ్ళను. నా రెండు కొమ్మలు వదిలేస్త, ఒప్పుకుంట. వల వాపస్ ఇచ్చేస్త. ఎలుకల మందు నేనెప్పుడూ పెట్టలే, పెట్టను గూడ, పిల్లి తిని సచ్చుడు చూసిన. కానీ మా కాలనీ ఖాళీ జాగ ఉంది కదా, ఆడ మేడి ఒకటి, నేరేడు రెండు, గంగరేగు ఒకటి పెట్టాలె. కార్పొరేషనోళ్ళకు కాగితం నువ్వు రాయి, సంతకాలు నేను పెట్టిస్త.

తమ్ముడు: రాస్త. మేడి అయితే ఏడాదిల ఎన్నోసార్లు కాస్తది, వేరే పండ్లు లేని రోజుల్ల గూడ దాని మీద తిండి దొరుకుతది. సింగపూర్ చెర్రీ గూడ పెట్టుమను, రెండేండ్లల్ల కాపుకొస్తది. ఇంటికి మాత్రం దూరంగ ఉండాలె, దగ్గరుంటే నువ్వన్నట్టు అన్నిటిని పిలుచుకొచ్చుడే అయితది. ఒక్కటే ఇబ్బంది. మేడిపండ్లు, నేరేడుపండ్లు రాలి కార్ల మీద మరకలు పడ్తయి. రెండేండ్లకు వాళ్ళే వచ్చి కొట్టెయ్యమంటరు చూడు.

అక్క: రానీ. కారు కోసం మామిడి కొట్టేసుకున్నోళ్ళకు ఇంట్ల జాగ ఉన్నది కదా, కార్లు లోపల పెట్టుకుంటరు. నువ్వు ఆ కాగితంల ఇంకో ముక్క గూడ రాయి, కోనోకార్పస్ తీసేసి ఆ కాడల్లా నేరేడు పెట్టాలని. నీళ్ళు పోసే పని మా గేటు ముందటి వరకు నాది.